పడవ గట్టు వదలకముందే చూసుకోవాల్సినవి

ఆదోని నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. సముద్ర జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసిందంట. అండమాన్ వైపు ఒక సముద్ర రక్షిత ప్రాంతంలో పర్మిట్ల పనికి సహాయకురాలిగా తీసుకున్నారు, రెండు వారాల్లో చేరాల. "దీవి దగ్గరికి పోవడానికే ఒక పగలు పడుతుందంట. లోపలికి పోయినోళ్లు ఏం చేస్తున్నారో గట్టున కూర్చున్న నాకెట్లా తెలుస్తుంది? పర్మిట్ చేతికిచ్చి దండం పెట్టుకోవడమేనా?" అని రాసింది.

తల్లీ, మా చిన్నమ్మాయి వయసు దానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోవద్దు. నాదీ నీ కథే. కడపలో పుట్టి పెరిగినోణ్ణి. నీళ్లంటే నాకు తెలిసింది పెన్నలో చెలమ తోడుకోవడం, బుగ్గవంక పొంగితే ఇంట్లోకొచ్చే బురద. ఇరవయ్యారేళ్లకు మద్రాసు హార్బరులో ఓడెక్కి పోర్ట్‌బ్లెయిర్ పోయా, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు. ఓడలో ఉన్న మూడు రోజులూ తల ఎత్తలేదు. ఆ తర్వాత పద్నాలుగేళ్లు అక్కడి దీవుల పర్మిట్ ఫైళ్లు చూశా, అందులో చివరి నాలుగేళ్లు బోటు మీదే. సముద్రం తెలియదని భయపడొద్దు. ఈ పనికి ఈత కంటే అనుమానం ముఖ్యం.

పోయినోళ్లు ఏం చేస్తున్నారో గట్టున కూర్చుంటే తెలియదు, నిజమే. బోటేసుకుని వెనకాలే పోయినా తెలియదు. నువ్వొచ్చేది వాళ్లకు రెండు మైళ్ల దూరం నుంచే కనబడుతుంది, వాళ్లు నీటి కింద చేసేది నీకు కనబడదు. మన శేషాచలంలో ఎర్రచందనానికి చెక్‌పోస్టు పెడితే కొంతైనా పనిచేస్తుంది, లారీ ఎటు తిరిగినా ఎక్కడో ఒకచోట రోడ్డెక్కాల్సిందే కదా. సముద్రంలో రోడ్డు లేదు, అంతా రోడ్డే. ఒక్క చోట మాత్రం అందరూ నీకు దొరుకుతారు, బయల్దేరే జెట్టీ దగ్గర. మనిషి, మూట, సిలిండరు, లంగరు, డీజిలు డబ్బా, అన్నీ ఒక గంటసేపు నీ కళ్లముందే ఉంటాయి. దూరపు చోటికిచ్చే పర్మిట్‌లో ప్రతి షరతునూ ఆ గంటలో చూసి తేల్చుకునేట్లు రాయాల. "పగడాలకు హాని చేయరాదు" అని రాస్తే దాన్ని ఎవరు చూడొచ్చారు? "బోటులో వల, గాలం, బల్లెం ఉండరాదు" అని రాస్తే మూట విప్పి చూడొచ్చు. జాలీబాయ్ దీవికి పోయే టూరిస్టుల దగ్గర ప్లాస్టిక్ ఏముందో వండూర్ జెట్టీలోనే చూస్తారు, దీవి మీద కాదు. అదీ సంగతి.

చట్టం గురించి తొందరగా చెప్పేస్తా, ఎట్లాగూ నీకు ట్రైనింగులో చెప్తారు. సముద్రంలోనూ నడిచేది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమే. నీళ్లకు అభయారణ్యం అని పేరేందని నన్నడగొద్దు. లోపలికి ఎవర్ని దేనికి రానివ్వచ్చో 28వ సెక్షన్‌లో ఉంది: వన్యప్రాణుల పరిశీలన, ఫోటోలు, శాస్త్ర పరిశోధన, పర్యాటకం, లోపల ఉండేవాళ్లతో సక్రమమైన పని. 2022 సవరణలో ఆవాసాన్ని మార్చకుండా సినిమా తీయడం కూడా చేరింది. జాతీయ పార్కులకూ ఇదే వర్తిస్తుంది. లోపలికి రావడం వేరు, లోపలి నుంచి ఏదైనా తీసుకుపోవడం వేరు. చానామంది పరిశోధకులకు కూడా ఈ తేడా తెలియదు. జాతీయ పార్కులోంచి ఏదైనా తీయాలంటే అది ఆ పార్కులో ప్రాణుల బాగుకోసమే, వాటి మెరుగైన నిర్వహణకోసమే అని ప్రభుత్వానికి నమ్మకం కుదరాల, అదీ జాతీయ వన్యప్రాణి మండలితో సంప్రదించిన తర్వాత. అది లేకుండా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సంతకం పెట్టలేడు. ఇంగ పగడపు దిబ్బలు కట్టే పగడాలు, సముద్ర దోసకాయలు 2001 నుంచి ఒకటో షెడ్యూలులో ఉన్నాయి. అంటే పులికి ఎంతో వాటికీ అంతే. కేంద్రం ముందస్తు అనుమతి లేనిదే ముట్టుకోకూడదు. ఒడ్డున పడున్న చచ్చిన పగడం ముక్కను పూజగదిలో పెట్టుకుంటామని మూటగట్టుకునే మన వాళ్లను జెట్టీలో పట్టుకున్నప్పుడు వాళ్ల మొహాలు చూడాల. "రాయే కదా సార్!"

దూరం అంటే ఏందో తెలియాలంటే హవాయి వాళ్ల సముద్ర రక్షిత ప్రాంతం పాపహానౌమొకువాకెయా గురించి చదువు. నేను పోలేదు, పేరు పలకడానికే వారం పట్టింది. కానీ వాళ్ల పర్మిట్ షరతులు అక్షరం వదలకుండా చదివి మా ఫారం సగం మార్చుకున్నాం. 2006లో బుష్ ప్రకటించిన ప్రాంతం అది, 2016లో ఒబామా పెంచారు. ఇప్పుడు సుమారు 15 లక్షల చదరపు కిలోమీటర్లు, మన ఆంధ్రప్రదేశ్ లాంటివి తొమ్మిది పడతాయి. దీవుల వరుసే రెండు వేల కిలోమీటర్లు. దానికి ఎన్ని గస్తీ బోట్లు పెట్టినా సముద్రంలో చింతపండు కలిపినట్లే. అందుకే వాళ్లు బరువంతా దరఖాస్తు మీద పెట్టారు. పర్మిట్లు ఆరు రకాలు: పరిశోధన, విద్య, సంరక్షణ పనులు, హవాయి మూలవాసుల ఆచారాలు, ప్రత్యేక సముద్ర వినియోగం, వినోదం. వినోదానికి మిడ్‌వే దీవి దగ్గర తప్ప ఇంకెక్కడా ఇవ్వరు.

దరఖాస్తును వాళ్లు తూచే ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఈ పని ఈ హద్దు బయట చేయడానికి కుదరదా? అంతే. నేను పర్మిట్ల డెస్కు మీద మొదటి ఐదేళ్లు అడగని ప్రశ్న అదే. పని మంచిదా, మనిషి చదువుకున్నవాడా, లెటర్‌హెడ్ పెద్దదా అని చూసేవాణ్ణి. ఈ ప్రశ్న ఫారంలో చేర్చిన తర్వాత దరఖాస్తులు వాటంతట అవే తగ్గాయి. ఒకాయన నీటి కింద కెమెరాను పరీక్షించడానికి పార్కులోకి పోతానన్నాడు. కెమెరా పరీక్షకు పార్కెందుకయ్యా, ఊరి ముందర సముద్రం లేదా? ఆయన నిజానికి సెలవులకు రావాలనుకున్నాడు, పాపం. వాళ్లు అడిగే ఇంకో మంచి ప్రశ్న, ఏదైనా చెడితే బాగుచేయడానికి నీ దగ్గర డబ్బుందా అని. బోటు దిబ్బకెక్కితే దాన్ని లాగేదెవరు, కారిన డీజిలు ఎత్తేదెవరు అని మనవాళ్లు అడగరు, అడిగితే మర్యాద కాదనుకుంటారు. నువ్వు అడుగు.

నా తప్పొకటి చెప్తా. ఒక బృందానికి నాచు, ఇసుక నమూనాలకు పర్మిట్ రాశా. నాచు ఎందుకు కమ్ముకుంటోందో తెలిస్తే నిర్వహణకే పనికొస్తుందని పైనుంచి అన్ని అనుమతులూ వచ్చినాయి. ఎంత తీయొచ్చు అనే గడిలో "అవసరమైన మేరకు" అని రాశా. ఎనిమిది రోజులకు తిరిగొచ్చారు. సాయంత్రం ఐదున్నర, జెట్టీ మీద లైట్లు ఇంకా వేయలేదు. బోటులోంచి ఒక ఐసుపెట్టె దిగింది, రెండోది, మూడోది, నాలుగోది ఇద్దరు మోసుకొచ్చారు. మూత తీస్తే అంతా సంచులు, సంచుల మీద సంచులు, నీళ్లు కారుతా. "ఏంది సార్ ఇదంతా?" అంటే ఆ ప్రొఫెసరు గారు నా కాగితాన్నే నాకు చూపించి, ఏమాత్రం వెటకారం లేకుండా, "అవసరమైన మేరకే కదండీ" అన్నారు. ఆయన అబద్ధం ఆడలేదు. ఆయన అవసరం అంత, నేను రాసింది అంత.

ఆ రాత్రి నుంచి దర్జీకి గుడ్డ కొలిచిచ్చినట్లు ఇచ్చేవాణ్ణి. ముప్పై సీసాలు, ఒక్కోటి యాభై మిల్లీలీటర్లు. సీసాలు వాళ్లవే, నంబరు చీటీ మాత్రం మాది, జెట్టీ మీద మా ముందర అంటించాల. తిరిగొచ్చినప్పుడు నిండినవి, నిండనివి, పగిలినవి కలిపి ముప్పై లెక్క తేలాల. చీటీ లేని సీసా కనబడితే పర్మిట్ అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇందులో సముద్రం మీద కాపలా ఏమీ లేదు చూడు. పోయేటప్పుడు పదినిమిషాలు, వచ్చేటప్పుడు పదినిమిషాలు.

జెట్టీ మీద ఇంకోటి చూడాల, దానికి నేను చానా ఆలస్యంగా మేలుకున్నా. మనం తీసుకుపోయేదే కాదు, మనకు తెలియకుండా మనతో వచ్చేది. అదే హవాయి వరుసలో లేసాన్ అని ఒక చిన్న దీవుంది. 1903లో అక్కడ పిట్టల రెట్ట ఎరువు తవ్వించే పెద్దమనిషి మాంసం వ్యాపారానికి కుందేళ్లు వదిలాడు. పచ్చ అనేది లేకుండా మేశాయి. 1923లో వాటిని పూర్తిగా తీసేసే నాటికి దీవి ఇసుకదిబ్బ. ఆ దీవిలో తప్ప ఇంకెక్కడా లేని పిట్టలు కొన్ని అక్కడ లేకుండా పోయాయి. వాటిలో ఎగరలేని ఒక చిన్న నీటికోడిని అదృష్టం కొద్దీ అంతకుముందే మిడ్‌వే దీవికి కూడా తెచ్చి వదిలారు, అది అక్కడ బతికిపోయింది. 1943లో యుద్ధపు ఓడల్లోంచి మిడ్‌వేలో ఎలుకలు దిగాయి. మరుసటేడు తర్వాత ఆ నీటికోడి లోకంలోనే కనబడలేదు. కుందేళ్లను ఒకడు కావాలని తెచ్చాడు, ఎలుకలను ఎవరూ తేలేదు, వచ్చినాయి. నాకు రెండోదే ఎక్కువ భయం.

అందుకే వాళ్లిప్పుడు ఆ దీవుల్లో కాలు పెట్టేవాళ్ల బట్టలు, బూట్లు కొత్తవైనా ఉండాల, లేదంటే 48 గంటలు డీప్ ఫ్రీజరులోనైనా పెట్టాల అంటారు. బోటు అడుగున పాచి ఉందా, లోపల ఎలుక ఉందా చూసి గానీ వదలరు. ఇంత చేసినా 2016లో ఒక దీవి దగ్గర కొత్త ఎర్రనాచు కనబడింది, 2020లో దానికి కోండ్రియా ట్యూములోసా అని పేరు పెట్టారు. పగడాల మీద దుప్పటిలా పరుచుకుని ఊపిరాడనివ్వదు. తర్వాత మిడ్‌వే దగ్గరా తేలింది. అక్కడ ఒక దీవి దగ్గర వాడిన డైవింగు సామాను ఇంకో దీవి దగ్గర నీళ్లలో ముంచకముందు మందునీళ్లలో నానబెట్టి తీరాల. మన దగ్గర ఫ్రీజరు అడిగితే నవ్వుతారు, నన్నూ నవ్వారు. కనీసం బూట్ల అడుగు గీకించు, లంగరు గొలుసు మంచినీళ్లతో కడిగించు, మూటల్లో విత్తనాలు చూడు.

ఇంగ సరంగు. పర్మిట్ శాస్త్రవేత్త పేరు మీద ఉంటుంది, బోటు నడిపేది సరంగు. ఇరవై పేజీల ఇంగ్లీషు కాగితం ఆయన చూసి ఉండడు. పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో శ్రీకాకుళం నుంచి వచ్చి తరాలుగా ఉంటున్న మన వాళ్లు చానామంది ఉన్నారు. నాకు సముద్రం నేర్పింది వాళ్లలో ఒక పెద్దాయన. మొదటిసారి లంగరు వేయమని నేను ఒక చోటు చూపిస్తే ఆయన నవ్వి, "ఏటి సారూ, మీ కడపోళ్లు రాళ్లలోనే పుట్టినోళ్లు గదా, నీటి కింద రాయిని పోల్చలేరేటి?" అన్నాడు. అప్పుడు చూపించాడు. నీరు లేత రంగులో మెరుస్తుంటే కింద ఇసుక, ముదురు మచ్చగా ఉంటే కింద దిబ్బ గానీ గడ్డి గానీ. నేను చూపించింది మచ్చ మధ్యన. లంగరు పడి పగిలేది కొంచెమే, గాలికి బోటు తిరిగే కొద్దీ కింద గొలుసు దుక్కి దున్నినట్లు దున్నుతుంది. ఒక పగడం బొటనవేలంత పెరగడానికి ఏళ్లు పట్టే చోట అది ఒక రాత్రి పని.

ఆ తర్వాత లంగరు వేసే చోట్లు జీపీఎస్ అంకెలతో పర్మిట్‌లోనే రాయించా. అంతకంటే పనికొచ్చింది ఇంకోటి. బయల్దేరే ముందు షరతులన్నీ సిబ్బందికి వాళ్ల భాషలో చదివి వినిపించడం. తెలుగులో నేనే చదివేవాణ్ణి, బెంగాలీకి, తమిళానికి మనుషుల్ని పట్టుకున్నాం. విన్నట్లు సరంగు సంతకం. శాస్త్రవేత్త "ఇంకొంచెం ముందుకు పోనీ" అన్నప్పుడు "కాయితంలో నేదు బాబూ" అని అడ్డం పడింది వాళ్లే, మా గస్తీ కాదు.

నువ్వు చేరిన మొదటి నెలలో ఒక పెద్ద పటం గోడకు కొట్టించు. ప్రతి పర్మిట్‌కూ నెల వారీగా ఒక గుండుసూది. ఎందుకో చెప్తా. సిద్ధవటం దగ్గర లంకమల అడవిలో నిత్యపూజకోనకు శివరాత్రికి జనం పోతారు, నేనూ చిన్నప్పటి నుంచి పోయినోణ్ణే. అదీ అభయారణ్యమే. ఒక్కొక్కరిని పట్టుకుని అడుగు, ఎవరూ ఏ తప్పూ చేయలేదు. ఒక నీళ్ల ప్యాకెట్టు, ఒక కర్పూరం కవరు. పండగ మరుసటి రోజు దారి చూస్తే తెలుస్తుంది ఏం జరిగిందో. పర్మిట్లూ అంతే. ఒక్కో ఫైలు ఒక్కోటిగా చూస్తే అన్నీ ఇవ్వదగినవే. ఒకే దిబ్బ మీద జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఐదు బృందాలు దిగుతున్నాయని ఏ ఫైలులోనూ ఉండదు, గోడ మీద సూదులు గుమిగూడితేనే కనబడుతుంది. జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులను టూరిస్టులకు ఒకదాని తర్వాత ఒకటి తెరిచి మూసేది కూడా ఈ లెక్కతోనే.

భక్తులను ఆపమని చెప్పడం లేదు నేను. హవాయి వాళ్లూ ఆపలేదు, మూలవాసుల పూజలకు విడిగా పర్మిటే పెట్టారు. అందులో వ్యాపారం ఉండకూడదు, అక్కడ తీసింది అక్కడే వాడుకోవాల. మన దేవుళ్లున్న అడవుల్లో ఇట్లాంటిది ఎందుకు పెట్టరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇచ్చిన పర్మిట్‌ను మధ్యలో ఆపే హక్కు కూడా అందులోనే రాసుకో. 2010 ఎండాకాలంలో నీరు వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబడిపోయాయి. అట్లాంటప్పుడే దరఖాస్తులు ఎగబడతాయి, అందరికీ అప్పుడే చూడాలని ఆత్రం. జబ్బు మనిషి చుట్టూ చుట్టాలు మూగినట్లు. కొందరిని రానివ్వక తప్పదు, కొలిచేవాళ్లు లేకపోతే ఏం జరిగిందో లెక్కే ఉండదు. కానీ టూరిస్టు బోట్లను, సినిమా వాళ్లను ఆపడానికి నీ చేతిలో ఒక వాక్యం ఉండాల. ఆ వాక్యం లేని పర్మిట్‌ను రద్దు చేయబోతే ఏమవుతుందో ఒకసారి అనుభవించా, కోర్టు వాయిదాలకు తిరిగింది నేనే.

మీదుగా పోయే ఓడలను మాత్రం ఆపలేవు. చట్టంలోనే ఉంది, ప్రాదేశిక జలాల్లో హాని లేకుండా దాటిపోయే హక్కుకు రక్షిత ప్రాంతం అడ్డం కాదు. హవాయిలోనూ ఆగకుండా పోయే ఓడకు పర్మిట్ అక్కర్లేదు, కనీసం 72 గంటల ముందే కబురు చెప్పి, దాటినాక 12 గంటల్లోపు దాటామని చెప్పాల. పర్మిట్ తీసుకున్న బోట్లకైతే ఎక్కడున్నాయో ఉపగ్రహానికి చెప్పే పరికరం తప్పనిసరి. మన దగ్గర ఆ పరికరం పెట్టమంటే "సార్, బ్యాటరీ అయిపోయింది" అంటారు. బ్యాటరీ అయిపోతే వెంటనే వెనక్కి రావాల అని షరతు రాయి, ఆశ్చర్యంగా బ్యాటరీలు చానా రోజులు వస్తాయి.

సిఫార్సు ఫోన్ల గురించి నువ్వడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. వస్తాయి. "మావాళ్లే, చూసి పంపించు" అంటారు. కాదనొద్దు, వాదన పెట్టుకోవద్దు, చిన్న ఉద్యోగం నీది. "సరే సార్, ఫారంలో మూడో గడి ఒక్కటి నింపి పంపించమనండి" అను. మూడో గడి అంటే, బయట ఎందుకు కుదరదో అనేది. సగం మంది మళ్లీ కనబడరు. మిగతా సగాన్ని పైవాళ్లకు పంపించు, నీ అభిప్రాయం రాతలో పెట్టి.

తిరిగొచ్చినాక రిపోర్టు ఇవ్వనోళ్లకు రెండోసారి పర్మిట్ ఇవ్వొద్దు, ఎంత పెద్ద లెటర్‌హెడ్ అయినా. నేను కఠినంగా ఉన్నది ఇదొక్క దాంట్లోనే.

మొదటి ట్రిప్పులో అందరి మూటలూ విప్పించే ముందు నీ మూట విప్పు. మా అమ్మ నాకు మూడు కిలోల పచ్చి చెనిక్కాయలు కట్టి పంపింది, మీ ఆదోనిలో బుడ్డలంటారు. నేను అందరి సంచులూ చూసి, విత్తనాలు తేకూడదని ఉపన్యాసం చెప్పి బోటెక్కితే, ఆ సరంగు నా సంచి ఎత్తి ఊపి చెవి దగ్గర పెట్టుకున్నాడు. గలగలమంది. బోటు మొత్తం నవ్వింది. ఆ మూడు కిలోలూ జెట్టీ మీదే పంచిపెట్టి పోయా. నువ్వు వేయించినవి తీసుకుపో.